పదవ గ్రహానికి ప్రదక్షిణమా?

2025 మే నెలలో ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన పరిశోధకుల బృందం సౌరకుటుంబపు సుదూర ప్రాంతంలో ఒక లఘుగ్రహాన్ని గుర్తించినట్లు ప్రకటించింది. దాని వ్యాసం సుమారు 700 కిలోమీటర్లు. సూర్యుని చుట్టూ ఒక్క ప్రదక్షిణం పూర్తి కావడానికి దాదాపు 25,000 సంవత్సరాలు. ఇప్పుడది ఉన్నచోటికి సూర్యకిరణం చేరడానికి పన్నెండు గంటలకు పైగా పడుతుంది. దానికి పేరింకా పెట్టలేదు. 2017 ఓఎఫ్ 201 అనే సంకేతం మాత్రం ఉన్నది.

ఈ వార్తను ఆత్మకూరులో ఒక టీ అంగడి వద్ద నలుగురికి చదివి వినిపించాను. మొదటివాడు "ఏందయ్యా ఇది, పేరా, లారీ నంబరా?" అన్నాడు. రెండవవాడు ఇంకొంచెం దూరం పోయి, "మన హైలెవల్ కాలవలో నీళ్లు పారేలోపల అది రెండు చుట్లు తిరిగొస్తాదిలే" అన్నాడు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పొలాలకు సోమశిల నీటిని ఎత్తిపోసే ఆ కాలువ కోసం ఎదురుచూస్తున్నవారికి ఆ హాస్యంలోని చేదు విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడే ఉన్న ఒక పెద్దలు నొచ్చుకున్నారు. ఈశ్వరసృష్టిలోని ఒక అద్భుతం గోచరించినప్పుడు చేతులు జోడించాలి గాని పరిహాసమేమిటని వారి ఆక్షేపణ. వారి భక్తిని గౌరవిస్తూనే, ఆ ఆక్షేపణతో నేను ఏకీభవించలేను.

భరతముని హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించి, స్మితహసితాలను ఉత్తమ ప్రకృతులకు చెప్పినాడు. ఎదుటివానిని చిన్నబుచ్చే నవ్వు వేరు, తన అల్పత్వం తనకే తోచినప్పుడు పెదవులపై మెరిసే స్మితం వేరు. 25,000 సంవత్సరాల ప్రదక్షిణ కాలాన్ని ఎండిన కాలువతో కొలిచినవాడు ఆ గోళాన్ని అవమానించలేదు. తన బుద్ధికి అందని దానిని తన బ్రతుకులోని కొలతతో తాకి చూచినాడు. కనుగొన్న శాస్త్రజ్ఞులు మాత్రం తక్కువవారా? 2005లో ప్రకటించిన ఒక గోళాన్ని టెలివిజన్ ధారావాహికలోని వీరనారి పేరిట జీనా అని పిలుచుకొన్నారు. ఏరిస్ అనే గంభీరనామం మరుసటి సంవత్సరం వచ్చింది.

మనం నిత్యం చేసే సంకల్పమూ ఈ మార్గంలోనే నడుస్తుంది. బ్రహ్మ ఆయుర్దాయంలో ఏ పరార్ధమో, ఏ కల్పమో, ఏ మన్వంతరమో, ఏ యుగపాదమో చెప్పి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పి, చివరకు మన గోత్రానికీ పేరుకూ దిగివస్తాము. 4,32,000 సంవత్సరాల కలియుగంలో ఈ క్రొత్త గోళం తిరగగలిగేది పదిహేడు చుట్లు మాత్రమే. ఇంతటి కాలమానాన్ని ప్రతిదినం ఉచ్చరించి, ఆ వెంటనే వంటింటి పిలుపునకు లేచి వెళ్లే జాతికి బృహత్తును చూచి బెదరవలసిన పని లేదు. (పేరు ఉదయగిరి, ఉన్నది జిల్లాకు పశ్చిమాన. ఈ వైపరీత్యంతో నిత్యం జీవించే మాకు నవ్వడం కొంత సహజంగానే అబ్బింది.)

ఆనాడు వారికి మరొక విషయం కూడా చెప్పాను. 2000 నవంబరులో నెప్ట్యూన్‌కు ఆవల కనుగొన్న ఒక లఘుగ్రహానికి శాస్త్రజ్ఞులు మన వేదదేవత పేరే పెట్టారు: వరుణ. సూర్యుని చుట్టి రావడానికి దానికి దాదాపు 280 సంవత్సరాలు పడుతుంది. అంతవరకు మౌనంగా ఉన్న ఒక వృద్ధ రైతు ఇది విని తలపాగా సవరించుకొని, "అదా సంగతి! వరుణదేవుడు ఆడికి పోయి కూర్చున్నాడు గామాల. ఇంక మన కొండ మీద మబ్బెట్టా నిలుస్తాది?" అన్నాడు. బోరు ఎండి బత్తాయి తోటను నరికించుకున్నవాడాయన. అందరూ నవ్వారు, ఆయనతో సహా. వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకొనే పిల్లల కేరింతలు, విరాటపర్వం చదివించే పెద్దల శ్రద్ధ, రెండూ ఒకే పల్లెలో ఒకే దేవత కొరకు జరుగుతాయి. దేవుని తనవాడనుకొన్నవాడే ఆయనతో పరిహాసమాడగలడు.

నిజంగా ఆక్షేపించవలసినది మరొకటి ఉన్నది. ఇటువంటి ప్రతి వార్త వెంట భయం అమ్ముకొనేవారు బయలుదేరుతారు. క్రొత్త గ్రహం వచ్చింది కనుక ఏ రాశికి ఏ కీడో, ఏ శాంతి చేయించాలో వారు చెప్పగలరు. "గ్రహ" శబ్దానికి పట్టుకొనునది అని అర్థం. అందుకే మన నవగ్రహాలలో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు. గోళాలే కాని రాహుకేతువులూ ఉన్నారు. అవి చంద్రమార్గం సూర్యమార్గాన్ని ఖండించే బిందువులు. గ్రహణం ఛాయ వలన కలుగుతుందని 499 నాటి ఆర్యభటీయమే చెప్పింది. ఇంగ్లీషులోని ప్లానెట్‌ను మనం గ్రహమని అనువదించుకొన్నాము, అంతే. 1781లో యురేనస్, 1846లో నెప్ట్యూన్ కనబడినా మన మండపాలలో పదవ పీఠం వెలయలేదు. 2006 ఆగస్టు 24న ప్లూటో గ్రహహోదాను పోగొట్టుకొన్నప్పుడు ఏ పీఠమూ ఖాళీ కాలేదు.

ఉదయగిరి వైపు పల్లె నుండి ఒక తల్లి కుమార్తె వివాహం నిశ్చయమయ్యే సమయంలో నా వద్దకు వచ్చింది. క్రొత్త గ్రహం పుట్టింది గనుక మరల శాంతి చేయించనిదే ముహూర్తం కుదరదని ఎవరో చెప్పారట. అడిగిన మొత్తం విని నేను నివ్వెరపోయాను. అది ఆమె రెండు నెలల కూలి. వాదించకుండా సమీపంలోని గుడికి తీసుకొనిపోయి, నవగ్రహ మండపం ముందు నిలిపి, లెక్కించమన్నాను. వేలు చూపుతూ రెండుసార్లు లెక్కించింది. తొమ్మిదే.

"అయితే ఆ పదోవాడు యాడ సామీ?"

"చాలా దూరంలో ఉన్నాడమ్మా. ఒక చుట్టు తిరగడానికి ఇరవై అయిదు వేల ఏండ్లు పడుతుంది."

ఆమె క్షణకాలం ఆలోచించింది. "అంత దూరం తిరిగేవోడికి నా బిడ్డ పెళ్లితో ఏం పని? ఆయన తిప్పలు ఆయనవి" అని నవ్వి, కొంగున ముడివేసిన డబ్బును తడిమి చూచుకొని, ఉన్న తొమ్మిది మందికి ప్రదక్షిణం మొదలుపెట్టింది.