తెగిన దారము - ఆగిన పంకా

జేనెడు దారపు ముక్కను గూర్చి సంఘ పత్రికలో ఇంత చోటు వెచ్చించుటేల యని సభ్యులలో కొందరికి తోచవచ్చును. కాని ఆ దారము నైలానుదై, నీటిలో విడువబడి, పడవ మోటారు పంకాకు చుట్టుకొనెనేని, వేల రూపాయల యంత్రము నిమిషములో నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు మనుష్యుని ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున ఈ మాసము దీనిని గూర్చియే వ్రాయదలచితిమి.

మంజీరానది మహారాష్ట్రమున బాలాఘాట్ కొండలలో బుట్టి, కర్ణాటకము మీదుగా వచ్చి, మన జహీరాబాదు సీమకు ఉత్తరమున న్యాల్‌కల్, రాయికోడ్ ప్రాంతములను దాకుచు సింగూరు జలాశయమున జేరుచున్నది. ఆ జలాశయము నిండినచో సుమారు 30 టి.ఎం.సి.ల నీరు నిలుచును. మనకు మరింత చేరువను కొత్తూరు (బి) గ్రామమువద్ద నారింజ ప్రాజెక్టు గలదు. 2016వ సంవత్సరము మొదలు ప్రభుత్వమువారు చెరువులలోను జలాశయములలోను చేపపిల్లలను ఉచితముగా విడిపించుచు వచ్చుటచే మత్స్య సహకార సంఘములకు పని పెరిగినది. సింగూరు నీటిని ఎత్తి మన పొలములకు దెచ్చు సంగమేశ్వర పథకమునకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది. అనగా వల వేయువారికిని, నాగలి పట్టువారికిని నేడు ఆధారము ఒక్క నీరే.

ఇటీవల సభ్యులలో కొందరు, తెడ్డువేసి చేతులు కాయలు కాయుచున్నవి గనుక పడవలకు బ్యాటరీ మోటారులు సంఘము తరపున తెప్పించవలెనని కోరుచున్నారు. ఈ కోరిక న్యాయమైనదే. ఇట్టి మోటారును 1934లో అమెరికా దేశమున ఫార్గో పట్టణమునందు ఓ.జి. ష్మిట్ అనునాతడు నిర్మించెను. అది 12 ఓల్టుల బ్యాటరీతో నడచును, చప్పుడు చేయదు, నీటిలో నూనె కలుపదు. పడవ అంచునకు బిగించిన కాడ దిగువను మోటారును, దాని కొనను పంకాయు నీట మునిగి యుండును. ఈ మునిగియుండుటయందే దాని సౌకర్యమును గలదు, దాని బలహీనతయు గలదు.

పూర్వము వలలు నూలుతోను జనపనారతోను అల్లెడివారు. అవి తెగి నీట బడినచో కొలది కాలమునకే కుళ్ళి మట్టిలో కలిసిపోయెడివి. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ పరిశోధనాలయమున వాలెస్ కరోథర్స్ నైలానును కనుగొన్న పిమ్మట ఈ స్థితి మారినది. నైలాను దారము సన్నము, గట్టిది, నీటిలో కంటికి కానరాదు, ఏండ్ల తరబడి కుళ్ళదు. చేపను పట్టుటకు ఏ గుణములు మేలైనవో, తెగిపోయిన పిమ్మట ఆ గుణములే కీడైనవి.

పంకా రెక్కకు దారము తగులగానే అది వెనుకకు లాగబడి, పంకాకును మోటారు తిత్తికిని నడుమనున్న ఇరుసుపై కదురుమీది నూలువలె చుట్టుకొనును. చుట్లు బిగిసినకొలది రాపిడిచే వేడి పుట్టి, ఒక్కొక్కచో దారము కరిగి గట్టి కడియమువలె నగును. మోటారు మరింత కరెంటు లాగును. బ్యాటరీ త్వరగా దిగిపోవును. పంకాను ఇరుసుతో పట్టియుంచు చిన్న పిన్ను విరుగవచ్చును. అన్నిటికంటె పెద్ద నష్టము వేరొకటి. ఇరుసు బయటికి వచ్చుచోట నీటిని లోనికి రానీయని రబ్బరు సీలు ఒకటి యుండును. దారము దానిని కోసెనేని నీరు లోపలికి జొచ్చును. ఆనాడు మోటారు తిరిగినను, లోపల తుప్పు పట్టి కొన్నాళ్ళకు చెడును. అప్పుడు యజమాని అమ్మినవానిని నిందించునే గాని, తాను చూడని దారపు ముక్కను నిందింపడు.

ఇట్టి చిక్కు సంభవించినప్పుడు చేయవలసిన పని కష్టమైనది కాదు, తొందరపాటే ప్రమాదము. పడవ వేగము తగ్గినను, మోటారు అదరినను, ధ్వని మారినను వెంటనే మీట కట్టివేయవలెను. బలముతో తెంచుకొనునని మరింత త్రిప్పినచో ముడి బిగియునే గాని వదలదు. మీట కట్టివేసినంత మాత్రమున చాలదు. బ్యాటరీ తీగను విడదీసిన పిమ్మటనే పంకాపై చేయి వేయవలెను. అనుకోకుండ మీట కదలినచో వ్రేళ్ళు దక్కవు. కల్లములో నూర్పిడి యంత్రమునకు గడ్డి చుట్టుకొన్నప్పుడు యంత్రమును ఆపకుండ చేయిపెట్టి అంగవిహీనులైనవారిని ఎరుగని రైతు మనలో లేడు. ఇదియు అట్టిదే.

పిమ్మట తెడ్డుతో ఒడ్డుకు జేరవలెను. మోటారున్నది గదా యని తెడ్డును ఇంట విడిచి వచ్చుట ఎన్నడును కూడదు. కత్తి పట్టి నీటిలో దూకుట అంతకంటె కూడదు. దూకినవాని కాలికి అదే వల తగులవచ్చును. సింగూరు ఆనకట్టకు దిగువనున్న మంజీర అభయారణ్యము మొసళ్ళకు నెలవన్న సంగతియు మరువరాదు. ఒడ్డున మోటారును పైకెత్తి, దారము చుట్టుకొన్న దిశకు ఎదురుగా మెల్లగా విప్పవలెను. విడువనిచో పానాతో నట్టు విప్పి, పంకాను ఊడదీసి, పిన్నును భద్రపరచి, వెనుకనున్న చుట్లను చిన్న కత్తెరతో తుంచి తీయవలెను. కత్తి మొన సీలుకు తగులరాదు. చుట్లన్నియు పోయినవని నిశ్చయించుకొన్న పిమ్మటనే తిరిగి బిగింపవలెను. చిక్కు పడినను పడకున్నను, పడవ ఒడ్డుచేరిన ప్రతిసారియు పంకా వెనుక చూచుట ఉత్తమము. ఒక పానా, ఒక కత్తెర, అదనముగా ఒక నట్టు, ఒక పిన్ను పడవలో నుంచుకొనిన చాలును.

ఇంతవరకు పడవవాని జాగ్రత్త. కాని మా అభిప్రాయములో అసలు దోషము పంకా దగ్గర లేదు, ఒడ్డున గలదు. వల చిరిగినప్పుడు మంచిభాగము కోసికొని పనికిరానిది నీటిలోనే విసరుట, గాలపుదారము చిక్కుపడినప్పుడు తుంచి వదలుట మనలో వాడుకయై పోయినది. అందుకు వల వేయువారినే దూషించుట మా ఉద్దేశము గాదు. నీట మునిగిన చెట్ల మోడులకు తగిలి వల పోయినచో ముందుగా నష్టపడువాడు అతడే. సరదాకు గాలము వేయవచ్చువారును ఈ పాపములో భాగస్వాములే. పోయిన వలయందు చేపలు వృథాగా చిక్కి చచ్చును. అందువలన తగ్గునది అతని రాబడియే. నిందకంటె ఏర్పాటు మేలు. ఏర్పాటు చేయుటకే సంఘమున్నది.

కావున మోటారులు కొనుటకు ముందే మూడు నియమములు చేసికొనవలెనని మా సూచన. మొదటిది: సంఘము ద్వారా క్రొత్తవల కొనువాడు పాతవలను తెచ్చి యొప్పగింపవలెను, దాని తూకమునుబట్టి క్రొత్తవల వెలలో కొంత తగ్గింపవలెను. ఎంత యనునది సర్వసభ్య సమావేశము నిర్ణయించును. రెండవది: ప్రతి వల కొనకును తేలు బెండు కట్టి దానిపై యజమాని గుర్తు వేయవలెను. పడవ నడుపువాడు బెండును జూచి తొలగును. తప్పిపోయిన వల ఎవరిదో తెలియును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు సముద్రపు వలలకు గుర్తులుండవలెనని 2018లో మార్గసూత్రములు వెలువరించిరి. సముద్రమునకు తగిన నీతి చెరువునకు తగకపోదు. మూడవది: పడవలు నిలుచు రేవున మూతగల డబ్బా నొకదానిని పెట్టి, తునకలన్నియు అందు వేయించి, నెలకొకమారు సంఘమే తీయింపవలెను.

“చేపలవారి పనికి వ్యవసాయదారుల సంఘము సొమ్మేల?” యని మీరడుగవచ్చును. మీ పంపుసెట్టు ఫుట్‌వాల్వు జల్లెడను ఒకమారు ఎత్తి చూడుడు. వాగునుండియో చెరువునుండియో నీరు తోడు పంపునకు నాచుతోబాటు నైలాను తునకయు అడ్డుపడవచ్చును. చెరకుతోటకు నీరందవలసిన రాత్రి కరెంటుండియు పంపు నీరు పట్టనిచో కలుగు బాధ మీకు క్రొత్తది కాదు. నీటికి దిగిన గేదె కాలికి దారము బిగిసి పుండైనచో వైద్యునికి రూపాయలు చెల్లించువాడు రైతే. వేసవిలో చెరువు ఎండిన పిమ్మట పూడికమట్టిని పొలమునకు తోలుకొనువారు ఆ తునకలనుగూడ తమ చేనికి తోలుకొనుచున్నారు. నీరు ఉమ్మడి సొత్తైనప్పుడు దానిలో విసరినది ఎవరో ఒకరి గుమ్మమునకు చేరక మానదు.

ఖర్చు స్వల్పము, కావలసినది పట్టుదల. ఒకడు తన తునకను ఒడ్డుకు దెచ్చి, పదిమంది విసరుచుండిన ఫలము లేదు. పదిమంది తెచ్చుచుండగా ఒకడు విసరుటకు సిగ్గుపడును. ఒక్కని చేత గాని పనిని అందరిచే చేయించుటకే సహకారమను పేరు వచ్చినది. రాబోవు సమావేశమున మోటారుల ప్రస్తావనతోబాటు ఈ మూడు నియమములను గూడ సభ్యులు చర్చకు దెచ్చి తీర్మానింతురని ఆశించుచున్నాము. మోటారు తరువాత వచ్చినను నష్టము లేదు. తెగిన దారము నీటిలో పడకుండుట నేటినుండియే ఆరంభము కావలెను.