పొడుగు గడ రహస్యం



పల్నాటి పల్లెల్లో పంట ఇళ్ళకు చేరిన రోజుల్లో, ఒక్కొక్కప్పుడు ఊరి మొదట్లో డోలు చప్పుడు వినిపించేది. అది వినగానే పిల్లలు పలకలు మూలన పడేసి పరుగెత్తేవారు. రచ్చబండ ముందర వెదురుకర్రలు కత్తెరలాగా నిలబెట్టి, రెండు వైపులకూ తాడు బిగించేవారు. డోలు వాయించేవాడు తండ్రి. కింద నిలబడి కేకలతో హుషారు చేసేది తల్లి. చేతుల్లో పొడుగాటి గడ పట్టుకొని తాడు మీద నడిచేది కూతురు. వాళ్ళే దొమ్మరి ఆటగాళ్ళు. నరసరావుపేటలోనో, గురజాలలోనో, మాచర్లలోనో ఉన్న మీ తాతయ్యలను అడిగి చూడండి. ఆ ఆట చూసినవాళ్ళు వాళ్ళలో చాలామందే ఉంటారు.

తాడు మీద నడవడమే కష్టం గదా, మళ్ళీ చేతుల్లో ఆ బరువెందుకు? గడ లేకుండా నడిస్తే తేలిక కాదా?

కాదు. ఎందుకో మీరే తెలుసుకోవచ్చు. ముందు ఒక పెన్సిలు తీసుకొని వేలి కొన మీద నిలబెట్టండి. నిలవదు. మీరు వేలు కదిపేలోగానే పడిపోతుంది. ఇప్పుడు మీ ఎత్తు ఉన్న కర్ర ఒకటి తీసుకొని, పెరట్లోకి వెళ్ళి, అరచేతిలో నిలబెట్టండి. రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే కాసేపు నిలుస్తుంది. పెన్సిలు కంటె కర్ర ఎంతో బరువు. అయినా అదే నిలిచింది! పొడుగాటి వస్తువు నిదానంగా ఒరుగుతుంది గనుక, అది పడేలోగా చెయ్యి జరిపి సర్దుకొనే వ్యవధి మీకు దొరుకుతుంది.

తాడు మీది గడ పనీ అలాంటిదే. బరువంతా ఒకే చోట ఉంటే వస్తువు చటుక్కున తిరుగుతుంది. బరువు రెండు కొసలకూ దూరంగా పోతే తిరగడానికి మొరాయిస్తుంది. గడ పట్టుకొన్న మనిషి ఒక పక్కకు ఒరిగినా నెమ్మదిగా ఒరుగుతుంది. ఆ లోపల కాలు సర్దుకొంటుంది. గడ కొసలు కిందికి వంగి ఉంటే భారకేంద్రం కూడా కాస్త కిందికి దిగి, ఇంకా మేలు చేస్తుంది. చూశారా! గడ ఆ పిల్లను పడకుండా పట్టుకోదు. సర్దుకోవడానికి వ్యవధి మాత్రం ఇస్తుంది.

ఈ మాట గుర్తుంచుకోండి. ఎందుకంటే మనుషులకూ, ఊళ్ళకూ కూడా ఒరిగిపోయే సమయాలు వస్తాయి.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద పెనుతుఫాను విరుచుకు పడింది. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తు లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. పదివేలమందికి పైగా చనిపోయారు. అప్పుడు దేశమంతా కదిలింది. సినిమా నటులు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. బియ్యం వచ్చింది, బట్టలు వచ్చాయి, ఆ తరవాత ఇళ్ళు లేచాయి. ముందు కావలసినవి అవే. ఆకలితో ఉన్నవాడికి ఆట చూపిస్తే పాపం గదా!

కాని అన్నం తిన్నంతమాత్రాన భయం పోతుందా? అంత గాలివాన చూసిన పిల్లవాడు, ఆ తరవాత తాటాకు గలగలమన్నా ఉలిక్కిపడతాడు. నిద్రపోవడానికి భయపడతాడు. కొందరు మాట్లాడడమే మానేస్తారు. ఇల్లు కట్టడానికి ఇటుకలు ఉన్నాయి. చెదిరిన ధైర్యాన్ని కట్టడానికి ఏమున్నాయి?

మన పెద్దలు దీనికి తమకు తోచిన ఉపాయం ఒకటి పెట్టుకొన్నారు. రాయలసీమ వైపు కొన్ని ఊళ్ళలో దొమ్మరి స్త్రీ ఎత్తయిన గడ ఎక్కి, పైనుంచి బియ్యం చల్లేది. రైతులు ఆ గింజలు ఏరుకొని విత్తనాల్లో కలుపుకొనేవారు. పంట బాగా పండుతుందని వాళ్ళ నమ్మకం. ఆ గింజల వల్ల వాన కురుస్తుందా? కురవదు. కాని ఊరంతా ఒక చోట చేరింది. అందరూ తలెత్తి పైకి చూశారు. అంత ఎత్తున ఒక మనిషి జంకకుండా నిలబడడం కళ్ళారా చూశారు. మర్నాడు నాగలి పట్టేవాడికి అది చిన్న బలమా?

ఇలాంటి సంగతే మరో దేశంలో పిల్లలు కనిపెట్టారు. 1990 తరవాత యుగోస్లావియా దేశం ముక్కలై, అక్కడ ఘోరమైన యుద్ధాలు జరిగాయి. ఇళ్ళు వదిలి పారిపోయిన కుటుంబాలు శిబిరాల్లో తలదాచుకొన్నాయి. స్పెయిన్ దేశంలో బార్సిలోనా నగరపు బడిపిల్లలకు, క్రొయేషియాలోని ఒక శిబిరంలో ఉన్న పిల్లలతో ఉత్తరాల స్నేహం కలిసింది. తమకు లేనివాటిలో నవ్వు ఒకటని శిబిరం పిల్లలు చెప్పారు. బార్సిలోనా పిల్లలు ఊరుకోలేదు. డబ్బు పోగుచేసి, తమ ఊళ్ళో పేరున్న సర్కస్ బఫూన్ తోర్తెల్ పోల్త్రోనా దగ్గరికి వెళ్ళి, “మీరు అక్కడికి వెళ్ళి ఆడిరండి” అని అడిగారు. 1993లో ఆయన వెళ్ళాడు. ఎర్రముక్కు పెట్టుకొని శిబిరంలో ఆడాడు. పిల్లలు నవ్వారు. వాళ్ళు నవ్వుతుంటే పెద్దలూ నవ్వారు. ఆ ఏడే ఆయన “సరిహద్దులు లేని విదూషకులు” అనే సంస్థ స్థాపించాడు. తరవాత మరికొన్ని దేశాల్లో కూడా అలాంటి సంఘాలు ఏర్పడి, యుద్ధాలూ భూకంపాలూ వచ్చిన చోట్లకు ఆటగాళ్ళను పంపసాగాయి.

చూడడం ఒక ఎత్తు, నేర్చుకోవడం ఒక ఎత్తు. కంబోడియాలో యుద్ధం వల్ల దేశం విడిచిన పిల్లలు కొందరు సరిహద్దు శిబిరంలో బొమ్మలు వేయడం నేర్చుకొన్నారు. పెద్దవాళ్ళై తిరిగి వచ్చి, వాళ్ళలో తొమ్మిదిమంది 1994లో బట్టంబాంగ్ ఊళ్ళో ఒక కళల బడి పెట్టారు. బొమ్మలతో మొదలైన ఆ బడిలో తరవాత సంగీతం, నాటకం, సర్కస్ కూడా చేరాయి. అక్కడ నేర్చుకొన్నవాళ్ళు 2013 నుంచి సియెమ్‌రీప్ నగరంలో సొంత సర్కస్ ఆడి, దాని రాబడితో బడికి సాయపడుతున్నారు. ఆఫ్ఘనిస్థాన్‌లో 2002లో పిల్లల కోసం ఒక సంచార సర్కస్ మొదలైంది. పిల్లిమొగ్గలూ బంతులాటా నేర్పుతూనే, భూమిలో పాతిన మందుపాతరలకు దూరంగా ఎలా ఉండాలో కూడా అది ఆటల్లోనే చెప్పింది.

సర్కస్‌లో అంత మహత్తు ఏముంది? మంత్రం ఏమీ లేదు. మొట్టమొదటి పాఠం పడడం! దెబ్బ తగలకుండా ఎలా పడాలో నేర్పిన తరవాతే ఎగరడం నేర్పుతారు. ఒక్క దెబ్బతో అంతా పోయిందనుకొన్న పిల్లవాడు, రోజుకు ఇరవైసార్లు చాప మీద పడి ఇరవైసార్లు లేస్తాడు. రెండో పాఠం పట్టుకోవడం. నువ్వు వెనక్కు ఒరిగితే నీ వెనక ఉన్నవాడు పట్టుకోవాలి, తరవాత వాణ్ణి నువ్వు పట్టుకోవాలి. ఇల్లూ వాకిలీ పోయి ఎవరినీ నమ్మలేని పిల్లకు ఇది పెద్ద చదువు. మూడో పాఠం గోపురం కట్టడం. బలమైనవాళ్ళు కింద, తేలికైనవాళ్ళు పైన. పైన నిలబడ్డవాడికే చప్పట్లు దక్కినా, కిందివాడు భుజం కదిపితే అందరూ పడతారు. ఇన్ని ఆటలాడేసరికి రోజులు గడుస్తాయి. మనసు సర్దుకొనే వ్యవధి దొరుకుతుంది. పొడుగు గడ చేసేది ఇదే గదా!

ఇక్కడ మరో సంగతి దాచకూడదు. ఇదే సర్కస్ కొందరు పిల్లలకు చెరసాల అయింది. నేపాల్ నుంచి బీదపిల్లలను తెచ్చి, మన దేశపు సర్కస్ కంపెనీలకు అమ్మిన రోజులున్నాయి. బడి లేదు, ఇంటికి పోనివ్వరు, తప్పు చేస్తే దెబ్బలు. 2011లో సుప్రీంకోర్టు, సర్కస్‌లలో పిల్లలతో పని చేయించరాదని చెప్పింది. అంతకు ముందే సర్కస్‌ల నుంచి విడుదలై వచ్చినవాళ్ళలో కొందరు 2010లో కాఠ్మాండులో తమ సొంత సర్కస్ పెట్టుకొన్నారు. పిల్లలను అమ్మేవాళ్ళ మోసాలు ఎలా ఉంటాయో ఆటలాడి చూపించి, ఊళ్ళను హెచ్చరించారు. బలవంతంగా నేర్పినప్పుడు ఏడిపించిన విద్యే, ఇష్టపడి చేసినప్పుడు వాళ్ళను నిలబెట్టింది.

ఇక మన పల్నాటికి వద్దాం. మాచర్ల దాటి నాగార్జునసాగర్ వైపు వెడితే అనుపు అనే చోటు వస్తుంది. అక్కడ నాలుగు వైపులా రాతిమెట్లు, నడుమ ఆటస్థలం ఉన్న రంగస్థలం చూడవచ్చు. పదిహేడు వందల ఏళ్ళకు పూర్వం, ఇక్ష్వాకు రాజుల విజయపురిలో జనం అలాంటి మెట్ల మీద కూర్చుని ఆటలు చూశారు. సాగర్ డ్యాము నీళ్ళలో ఆ లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను పైకి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఈ రంగస్థలం వాటిలో ఒకటి. గుళ్ళతో, విహారాలతో పాటు ఆటస్థలాన్ని కూడా నీళ్ళ పాలు కానివ్వలేదు.

రాళ్ళను కాపాడుకొన్నాం, సంతోషమే. మరి ఆడేవాళ్ళ మాట ఏమిటి? “దొమ్మరి” అనే మాటను మనలో కొందరు తిట్టుగా వాడతారు. ఏ విద్య కోసం ఇతర దేశాలవాళ్ళు బళ్ళు పెడుతున్నారో, ఆ విద్యను తరతరాలుగా కాపాడినవాళ్ళ పేరు మనకు తిట్టయింది! ఆ తప్పు ఆటగాళ్ళది కాదు, మన నోటిది. ఆ ఇళ్ళ పిల్లలు తాడు మీద కాదు, మీ పక్క బల్ల మీద కూర్చుని చదువుకోవాలి. వాళ్ళ పెద్దలు బడికి వచ్చి పిల్లిమొగ్గలు నేర్పే గురువులు కావాలి. రేపు ఏ తుఫాను శిబిరంలోనైనా భయపడ్డ పిల్లల మధ్య వాళ్ళు చాప పరిస్తే, ఎంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లలు ఈ పేజీ చదివి తాళ్ళు కట్టబోతారు, కట్టనివ్వకండి. గురువు లేకుండా ఎత్తు ఎక్కరాదు. కర్ర నిలబెట్టే ఆట చాలు. పిల్లలూ, ఆ ఆటలో మీకొక కిటుకు చెబుతాను. అరచేతి వంక చూస్తే కర్ర పడిపోతుంది. కర్ర చివరి వంక చూడండి. ఎటు ఒరుగుతున్నదో అక్కడే ముందుగా తెలుస్తుంది. పడితే మళ్ళీ నిలబెట్టండి.