ఇల్లు బస్తీవానిది, నక్షా యెవరిది?

తార్నాక కూడలి దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవువారు 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కాలేజీ రాతి సౌధమును జూచి మెచ్చుకొందురు. ఆ ప్రాంగణపు టంచుననే మాణికేశ్వర నగరము కలదు. జనులు దానిని వడ్డెర బస్తీ యందురు. వడ్డెరలు తరతరములుగా రాయి కొట్టి, మన్ను త్రవ్వి, పరుల గృహములకు పునాదులు వేసినవారు. అట్టివారికి ఇల్లు కట్టుట తెలియదని యెవరనగలరు? అయినను బస్తీల బాగు చర్చకు వచ్చినపుడు వారి నడుగుట మన పాలకుల యాచారము కాదు.

2015 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము విశ్వవిద్యాలయ భూమిలో 11 ఎకరములు తీసి పేదలకు ఇండ్లు కట్టుదుమనెను. విద్యార్థులు వీధి కెక్కిరి. వారిని మేము దూషింపము. విద్యకై యుంచిన భూమి చేజారిన మరల రాదు. కాని ఆ సందడిలో ఇండ్లెట్లుండవలయునో నిర్ణయించువారెవరను ప్రశ్న మరుగుపడెను. ఆ యేడే సికిందరాబాదులోని ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇండ్లు కట్టి మాదిరిగా చూపిరి. మంచి యిండ్లే, కాదనము. కాని తోపుడుబండివాడు బండిని రెండవ యంతస్తు కెక్కించునా? రాళ్లు కొట్టువాడు గడ్డపాఱను పడకగదిలో దాచునా?

ఇది క్రొత్త వాదము కాదు. ఈ నగరముననే 1967లో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి పథకము తరువాతి దశాబ్దములో బస్తీవారికి పట్టాయు బ్యాంకు అప్పును సమకూర్చి, ఇండ్లను వారిచేతనే కట్టించినది. కరాచీలోని ఓరంగీలో 1980 మొదలు అఖ్తర్ హమీద్ ఖాన్ గారి ప్రోద్బలమున సందు సందువారు చందాలు వేసికొని మురుగుకాలువలు తామే వేసికొనిరి. ఇంజనీర్లు కొలతలును సలహాయు నిచ్చిరి. గుత్తేదారు లేనందున ఖర్చు మిక్కిలి తగ్గెను. మన గుత్తేదారులకీ పద్ధతి యేల రుచింపదో వేఱుగ జెప్పవలయునా?

పట్టా మాట ముఖ్యము. 1985లో ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు జీవనోపాధి జీవించు హక్కులో భాగమని చెప్పినది. అయినను నోటీసిచ్చి తొలగింపవచ్చుననియు ఆ తీర్పుననే యున్నది. ఎప్పుడు లేపుదురో తెలియనివాడు పునాదిలో సిమెంటేల పోయును?

కనుక మొదట హద్దులు తేల్చి, ఉన్నచోటనే పట్టాలిండు. 1929 నాటి ఇంజనీరింగు కళాశాల ఆ ప్రాంగణముననే యున్నది. దాని విద్యార్థులు టేపు పట్టుకొని బస్తీకి పోవుదురు గాక. వాన నీరెచ్చట నిలుచునో అచ్చటి స్త్రీలు చూపుదురు. నక్షాను ముందు ముగ్గుపిండితో నేలపై గీయనిండు, కాగితముపై తరువాత నెక్కింపవచ్చును. బస్తీ సభవారి చేవ్రాలు లేని నక్షాకు నగరపాలక సంస్థ ముద్ర వేయరాదు.