ఉపాధ్యాయునకు తోడు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో షికాగో నగరమునకు పడమట సుమారు నలుబది మైళ్ల దూరమున అరోరా యను పట్టణము గలదు. అమెరికాలోని బంధువులను చూడబోయిన మన మారిషస్ వారిలో కొందరు అచ్చటి శ్రీ వేంకటేశ్వరస్వామి యాలయమును దర్శించియే యుందురు. ఆ యాలయము 1986 లో వెలసినది. అదే సంవత్సరమున, అదే సులివాన్ రోడ్డుమీద, ఆలయమునకు కొద్ది దూరముననే యొక పాఠశాలయు తలుపులు తెరచినది. స్వామిని సేవించి ప్రసాదము తెచ్చినవారు ఆ బడి సంగతి తెచ్చినట్లు మేము వినలేదు. కావున ఈ మాసము దానిని గూర్చి వ్రాయుచున్నాము.

దాని పేరు ఇల్లినాయ్ గణిత విజ్ఞానశాస్త్ర అకాడెమీ. రాష్ట్ర శాసనసభ 1985 లో దీనిని స్థాపించెను. పదవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు విద్యార్థులు అచ్చటనే నివసించి చదువుదురు. సమీపమందలి ఫెర్మీ ప్రయోగశాలకు అధిపతిగా నుండి, 1988 లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి నందిన లియోన్ లెడర్‌మన్ దీని స్థాపనకు పాటుపడినవారిలో ముఖ్యుడు. తెలివిగల పిల్లలకు మంచి బడి కట్టుటలో వింత యేమున్నదని మీరనవచ్చును. వింత లేదు. అట్టి బడులు మనకును గలవు. వానిలో ప్రవేశమునకై తల్లిదండ్రులు పడు పాట్లు మన మెరుగనివి కావు.

అయితే శాసనసభ ఆ బడికి రెండు పనులు విధించినది. తన విద్యార్థులకు బోధించుట యొకటి. రాష్ట్రమందలి తక్కిన పాఠశాలలలో గణిత విజ్ఞాన బోధన మెరుగుపడుటకు తోడ్పడుట రెండవది. అనగా, తాను కనిపెట్టిన మార్గమును తన గోడలలోపలనే దాచుకొను హక్కు ఆ బడికి లేదు.

ఆ మార్గములలో నొకటి సమస్యతో పాఠ మారంభించుట. కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్యకళాశాలలో 1960 దశకాంతమున పుట్టిన యీ పద్ధతిని అరోరావారు పాఠశాలలకు తగినట్లు మలచి, దానికై 1992 లో నొక కేంద్రమును నెలకొల్పిరి. మన భాషలో చెప్పవలెనన్న, చక్కెర మిల్లు దిగువ యేటిలో చేపలు చచ్చి తేలినవనుకొనుడు. ఉపాధ్యాయుడు ఏల చచ్చెనో చెప్పడు. పిల్లలే నీరు తెచ్చి పరీక్షింతురు, మిల్లువారిని అడుగుదురు, జాలరులను అడుగుదురు. ఆ వెదకుటలోనే రసాయనశాస్త్రము, లెక్కలు, వ్రాయుట అన్నియు వచ్చును. అరోరా కేంద్రమువారు దీనిని ఉపన్యాసములతో నేర్పలేదు. వచ్చిన ఉపాధ్యాయులను మొదట విద్యార్థుల స్థానమున కూర్చుండబెట్టి, వారికే యొక సమస్య నిచ్చిరి. మాకు మిక్కిలి నచ్చినది ఇదియే. తాను తడబడి వెదకినవానికే, వెదకుచున్న బిడ్డకు ఎంతసేపు చెప్పక యూరకుండవలెనో తెలియును.

ఈ భావమునకు ఆ ప్రాంతమున పాత వేళ్లున్నవి. జాన్ డ్యూయీ 1896 లో షికాగో విశ్వవిద్యాలయమున ప్రయోగ పాఠశాల తెరచినప్పుడు పిల్లలు పదునార్గురు, ఉపాధ్యాయులిద్దరు. విశ్వవిద్యాలయాధ్యక్షునితో భేదాభిప్రాయములు కలిగి 1904 లో డ్యూయీ వెడలిపోయెను. లోకము ఆయన పేరే తలంచును గాని, ఆ పాఠశాలలో ఆయనతో పనిచేసిన ఎల్లా ఫ్లాగ్ యంగ్ అను విదుషీమణిని తలంచువారు తక్కువ. పాఠశాలలోని ఒంటరితనమును గూర్చి ఆమె గ్రంథమే వ్రాసెను. 1909 లో షికాగో నగర పాఠశాలలన్నిటికి అధికారిణియై, ఉపాధ్యాయులు సభలుగా కూడి బోధనా విషయములను తామే చర్చించుకొనవలెనని ప్రోత్సహించెను. పైనుండి వచ్చిన ఉత్తరువును చదివి సంతకము పెట్టుటే పనియైన ఉపాధ్యాయుడు పిల్లలకు స్వతంత్రముగా ఆలోచించుట ఎట్లు నేర్పగలడు? లెడర్‌మన్ సైతము 1990 లో షికాగో ఉపాధ్యాయుల శిక్షణకై వేరొక సంస్థను నెలకొల్పెను.

ఇది ధనిక దేశపు ముచ్చట యని త్రోసివేయవలదు. మన పూర్వుల నేలవైపు చూడుడు. రాయలసీమలో మదనపల్లె చేరువ రిషివ్యాలీ పాఠశాలవారు చుట్టుపట్ల పల్లెలలో ఒంటి ఉపాధ్యాయుని బడులు పెట్టిరి. గది యొకటి, తరగతులు అనేకములు. పద్మనాభరావు, రమ దంపతులు పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. ప్రతి బిడ్డయు తన మెట్టు తాను చూచుకొని కార్డు తీసికొనును. ఉపాధ్యాయుడు వెనుకబడినవాని ప్రక్కన కూర్చుండును. 1995 లో మైసూరు ప్రాంతమందలి హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు అచ్చటికి వచ్చి, చూచి, మరలిపోయి కన్నడమున తమ కార్డులను తామే వ్రాసికొనిరి. అదియే నలి-కలి యను పేర పెరిగి, పిమ్మట కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల చిన్న తరగతులన్నిటికిని వ్యాపించెను. కంటితో చూచి వచ్చి చేసినదానికిని, ఉత్తరువు వచ్చినదని చేసినదానికిని వాసి భేదముండక పోదని మా యభిప్రాయము.

ఇక మన సంగతి. చెరకు తోటల శిబిరములలో మన తాతలు పగలెల్ల పనిచేసి, సాయంకాలము బైఠకాలో దీపము పెట్టుకొని అక్షరములు దిద్దించిరి. నేడు మన తెలుగు గురువులకు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో శిక్షణ గలదు, పుస్తకములు గలవు. లేనిది తోడు. ఒక బడిలో తెలుగు చెప్పువారు ఒక్కరే. వారి పాఠమును మరియొక తెలుగు గురువు చూడడు. ఇంట క్రియోలు మాటలాడు బిడ్డ పద్యమును తప్పులేక అప్పగించి, దాహమైనప్పుడు మంచినీళ్లిమ్మని తెలుగున అడుగలేకున్నాడు. ఆ బిడ్డయే రామభజనలో పెద్దల ప్రక్క నిలిచి పుస్తకము లేకయే పాట నేర్చుచున్నాడు గదా! ఏ గురువు దీనిని గమనించెనో, తరగతిలో ఎట్లు వాడుకొనెనో తక్కిన గురువులకు తెలియు దారి యేది?

మందిరపు వసారా శనివారము మధ్యాహ్నములందు ఖాళీగానే యుండును. నెల కొకమారు గురువులు అచ్చట కూడినచో టీ ఖర్చు సంఘము భరింపగలదు. వచ్చువారు తమ ఉత్తమ పాఠమును తేనక్కరలేదు. పిల్లలు వినక కిటికీవైపు చూచిన పాఠమొకటి తెచ్చిన చాలును.