ఆరు వేళ్లతో రాసే నోట్‌బుక్



మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు. "మేడమ్, మావాడు బ్యాగులో ఫోన్ తెస్తే తీసేసుకుంటారు. ఆ అమ్మాయి మాత్రం క్లాసులోనే ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. రూల్ అందరికీ ఒకటే కదా?"

అడగాల్సిన ప్రశ్నే. మీలో ఇంకొందరి మనసులోనూ ఇది ఉండి ఉంటుంది. అందుకే ఈ నెల దీని గురించే రాస్తున్నాను.

ఆ అమ్మాయికి చూపు లేదు. ఆ ఫోన్‌లో ఆమె బ్రెయిల్‌లో నోట్స్ రాసుకుంటుంది. మీ పిల్లల చేతిలో పెన్ను చేసే పనే ఆమె చేతిలో ఫోన్ చేస్తోంది. కాబట్టి క్లాసులోనే కాదు, పరీక్ష హాలులో కూడా దాన్ని పెన్ను, నోట్‌బుక్కు కిందే లెక్కగట్టాలని నా అభిప్రాయం.

ఎలా రాస్తారు?

బ్రెయిల్ లిపికి మూలం ఆరు చుక్కలు. ఎడమవైపు నిలువుగా మూడు, కుడివైపు మూడు. 1809లో ఫ్రాన్స్‌లో పుట్టిన లూయీ బ్రెయిల్ ఈ పద్ధతిని 1829లో ప్రచురించారు. ఒకటో చుక్క ఒక్కటే ఉంటే ఇంగ్లిష్ 'ఏ'. ఒకటి, రెండు కలిస్తే 'బి'. ఒకటి, నాలుగు కలిస్తే 'సి'. ఇలా 63 గుర్తులు వస్తాయి. మన భాషలకు 1951లో భారతి బ్రెయిల్ వచ్చింది. అందులో మన 'క'కు, ఇంగ్లిష్ 'కె'కు గుర్తు ఒకటే. 'మ'కు, 'ఎమ్'కు కూడా అంతే. ఒకసారి వేళ్లకు అలవాటైతే తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటికీ ఆ పునాది పనికొస్తుంది.

ఫోన్‌లో రాసేటప్పుడు స్క్రీన్‌ను అవతలివైపు తిప్పి, అడ్డంగా పట్టుకుంటారు. రెండు చేతుల మూడేసి వేళ్లు ఆ ఆరు చుక్కలవుతాయి. అక్షరానికి కావలసిన వేళ్లన్నీ ఒకేసారి నొక్కుతారు. ఐఫోన్‌లో ఈ సౌకర్యం 2014 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌లో భాగంగా 2020లో వచ్చింది. దీనికి వేరే డబ్బు కట్టనక్కర్లేదు. ఇంగ్లిష్ బ్రెయిల్‌లో కుదించి రాసే పద్ధతి కూడా ఉంది. 'నాలెడ్జ్' అనే తొమ్మిది అక్షరాల మాటకు 'కె' ఒక్కటి చాలు, 'పీపుల్'కు 'పి' ఒక్కటి చాలు. బాగా సాధన చేసిన పిల్లలు నేను చెప్పే నోట్స్‌ను ఇబ్బంది లేకుండా అందుకోగలరు.

ఇదివరకు స్లేటు, స్టైలస్ ఉండేవి. ఇప్పటికీ చాలామంది వాటితోనే మొదలుపెడతారు. మందపాటి కాగితం మీద ఒక్కో చుక్కా గుచ్చుతూ కుడి నుంచి ఎడమకు, అక్షరాన్ని తిరగేసి రాయాలి. ఎందుకంటే చుక్క ఉబ్బెత్తుగా లేచేది కాగితం రెండో వైపున. రాసింది చదువుకోవాలంటే కాగితం తీసి తిప్పాలి. పైగా బ్రెయిల్ తెలియని టీచర్‌కు ఆ కాగితం అర్థం కాదు. ఇప్పుడు ఆమె రాసింది ఫైలుగా, మామూలు అక్షరాల్లో నాకు చేరుతుంది. మిగతా నోట్‌బుక్‌లతో పాటే దిద్దుతాను. తప్పు ఎక్కడుందో టైప్ చేసి పంపిస్తే ఎవరి సాయమూ లేకుండా తనే చూసుకుంటుంది.

ఫోనే మాట్లాడుతుంటే బ్రెయిల్ ఎందుకు?

ఇది కూడా చాలామంది అడిగేదే. పాఠం రికార్డు చేసుకుని వినవచ్చు, ఫోన్ చదివి వినిపిస్తుంది, నోటితో చెబితే టైప్ చేస్తుంది. నిజమే. కథ వినడానికి, వార్తలు తెలుసుకోవడానికి అది బాగానే ఉంటుంది. కానీ వినడం వేరు, చదవడం రాయడం వేరు.

ఇంగ్లిష్ టీచర్‌గా నేను రోజూ చూసేదే చెబుతాను. 'రైట్' అని వినిపిస్తే అది 'రాయడం' అయినా కావచ్చు, 'సరైనది' అయినా కావచ్చు. చెవికి రెండూ ఒకటే, స్పెల్లింగులు వేరు. కామా ఎక్కడుందో, పెద్ద అక్షరం ఎక్కడుందో, పేరా ఎక్కడ మారిందో చెవికి సరిగా అందదు. లెక్కల్లో ఇంకా కష్టం. 'ఎక్స్ ప్లస్ వన్ బై టూ' అని వింటే, మొత్తాన్ని రెండుతో భాగించాలా, ఒకటిని మాత్రమే భాగించాలా? కాగితం మీద మీ పిల్లలకు చూడగానే తెలుస్తుంది. వేలికి తగిలే బ్రెయిల్‌లో కూడా తెలుస్తుంది. వింటే మాత్రం తెలియదు.

అందుకే ఫోన్‌కు జతగా బ్రెయిల్ డిస్‌ప్లే అనే పరికరం ఉంటుంది. దాని మీద సాధారణంగా ఒకే వరుసలో 20 లేదా 40 గళ్లుంటాయి. స్క్రీన్ మీదున్న అక్షరాలకు తగ్గట్టు ఆ గళ్లలో చిన్న చిన్న పిన్నులు లేస్తాయి, దిగుతాయి. రాయడానికి మీటలు కూడా చాలావాటికి ఉంటాయి. ఇబ్బందల్లా ధరతోనే. పదుల వేలల్లో మొదలై లక్షల దాకా పోతుంది. ఇక బొమ్మలు, గ్రాఫులు, జామెట్రీ ఈ పరికరాలతో తీరేవి కావు. వాటికి తడిమి చూసే బొమ్మలు, పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాల్సిందే.

పరీక్ష ఎవరు రాస్తున్నట్టు?

చూపు లేని పిల్లలకు పరీక్షలో స్క్రైబ్‌ను ఇస్తారు. పిల్లలు చెబుతుంటే స్క్రైబ్ రాస్తారు. ఆ ఏర్పాటు ఉండాలి, చాలామందికి అదే ఆధారం. కానీ ఇంగ్లిష్ పేపర్‌లో స్పెల్లింగ్ తప్పుకు నేను అరమార్కు కోస్తే, ఆ తప్పు ఎవరిది? చక్కటి పేరాకు మార్కు వేస్తే, ఆ పేరా విడగొట్టింది ఎవరు? తనే రాయగలిగిన అమ్మాయిని నోటితో చెప్పమని కూర్చోబెట్టడం సాయం అనిపించుకోదు.

అందుకని మన బ్రాంచీలన్నిటిలో యూనిట్ టెస్టులకైనా ఈ వీలు కల్పించమని మేనేజ్‌మెంట్‌ను కోరుతున్నాను. నెట్ ఆపేయాలి, స్పెల్లింగ్ దిద్దే సదుపాయం ఆపేయాలి, పరీక్ష అయ్యాక ఫైలు ఇన్విజిలేటర్‌కు అప్పగించాలి. అప్పుడు మీ పిల్లలకు అన్యాయం జరుగుతుందన్న భయం అక్కర్లేదు. స్క్రైబ్ కావాలో, పరికరం కావాలో ఎంచుకునేది ఆ పిల్లలే కావాలి.

ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకూ వర్తిస్తుంది. చూపు లేని పిల్లలకు తగిన పద్ధతిలో చదువు చెప్పాలని అందులో ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా అందేలా ప్రభుత్వం చూడాలని కూడా ఉంది. మచిలీపట్నం దగ్గర పుట్టిన శ్రీకాంత్ బొల్లా గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఎంఐటీలో చదివి వచ్చి కంపెనీ పెట్టారు. అంతటి మనిషి ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. చూపు లేకపోవడం కన్నా అప్పటి రూలే ఆయనకు పెద్ద అడ్డం అయింది.

మీరు చేయగలిగినవి

ఒకటి: క్లాసు వాట్సాప్ గ్రూపులో నోట్స్ ఫొటో తీసి పెడుతుంటారు. చేతిరాత ఫొటోను ఫోన్ ప్రతిసారీ సరిగా చదివి వినిపించలేదు. ముఖ్యమైన నాలుగు ముక్కలు టైప్ చేసి పెడితే అందరికీ అందుతాయి.

రెండు: ఆ ఫోన్ ఆటవస్తువు కాదని పిల్లలకు చెప్పండి. వాళ్ల నోట్‌బుక్ వేరేవాళ్లు లాక్కుంటే ఎలా ఉంటుందో అడగండి, వాళ్లకే అర్థమవుతుంది.

మూడు: ఆమె వల్ల క్లాసు వెనకబడుతుందేమోనని కంగారు పడకండి. ఆమె కోసం నేను బోర్డు మీద రాసే ప్రతి మాటా పైకి చదువుతున్నాను. చివరి బెంచీ పిల్లలకు కూడా ఇప్పుడు బాగా అందుతోంది.

నాలుగు: మీ బిడ్డకు చూపు మందగిస్తుంటే, ఇంకా పెరుగుతుందని డాక్టర్ హెచ్చరించి ఉంటే, నలుగురూ ఏమనుకుంటారో అని బ్రెయిల్‌ను వాయిదా వేయకండి. చూపు కాస్త ఉండగానే నేర్చుకోవడం మొదలుపెడితే చదువు మధ్యలో ఆగదు.

పరీక్షల్లో ఈ వీలు ఇవ్వాలన్న నా మాటతో మీరు ఏకీభవిస్తే డైరీలో ఒక వాక్యం రాసి పంపండి. కాదంటే ఎందుకు కాదో రాయండి. వచ్చిన వాటన్నిటినీ ప్రిన్సిపాల్ గారికి అందజేస్తాను.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం