తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట చాలు

దసరా, సంక్రాంతి సెలవులొస్తే ముత్యంపేట చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీలు మొదలవుతాయి. మా క్యాజువాలిటీకి మోకాళ్లు, భుజాలతోపాటు తలదెబ్బలూ వస్తాయి. ఒకసారి ఒక అబ్బాయి పట్టులో కిందపడి స్పృహ తప్పాడు. ముఖాన నీళ్లు చల్లితే లేచి మళ్లీ కూతకు వెళ్లాడట! రాత్రి వాంతులు మొదలయ్యాక మా దగ్గరికి తెచ్చారు. కోలుకున్నాడు గానీ వాళ్లమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు.

పట్టు లేనిదే కబడ్డీ లేదు. ఆటను మెత్తబరచమని నేననను. కూతకు వచ్చినవాడి నోరు మూయడం, గాయమయ్యేలా మొరటుగా పట్టడం, కాళ్లతో కత్తెర వేయడం ఇప్పటికే ఫౌల్. లోటంతా దెబ్బ తగిలాక ఏం చేయాలన్న దగ్గరే ఉంది. గాయానికి ఇచ్చే విరామం రెండు నిమిషాలు. మెదడు అదిరిందో లేదో అంతలో తేల్చడం డాక్టరుకే కష్టం. క్రికెట్‌లో 2019 ఆగస్టు నుంచి తలదెబ్బ తగిలినవారి బదులు మరొకరిని ఆడనిస్తున్నారు. లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ అలాగే దిగాడు. కబడ్డీలో బయట కూర్చున్న ఆటగాళ్లు ఉండనే ఉన్నారు కదా!

తలకు గట్టి దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్లీ ఆడకూడదు. ఆ మాట రిఫరీ చెప్పాలి. కుర్రవాణ్ణి అడిగితే "ఏం కాలేదు" అనే అంటాడు, కెప్టెన్‌కు పాయింట్లే కనిపిస్తాయి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే, కానీ ఎక్కువగా చిన్న వయసువారికే.

వాంతులు, మత్తు, తడబడే మాట, ఫిట్స్ కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి.

పోటీలు పెట్టేవారు ఈ నియమాన్ని మొదటి కూతకు ముందే రెండు జట్లకూ చెప్పాలి. ఫైనల్ మధ్యలో చెబితే ఎవరూ వినరు.