చూచిరాత చాలదు, సొంతరాత కావాలి

‘ముస్లిం పిల్లలకు రాయడం రాదు’ అనే మాట బడుల్లోనే గాక మన ఇళ్లలోనూ వినిపిస్తున్నది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో. అందుకే వారికి రాత కుదరదని తేల్చేస్తున్నారు. ఈ తీర్పును మేము అంగీకరించం. వీరికి రాయడం నేర్పినదెవరు?

గైడులోని వ్యాసం బోర్డు మీదికి, అక్కడి నుండి నోటుపుస్తకంలోకి, బట్టీ పట్టాక పరీక్ష జవాబుపత్రంలోకి చేరుతుంది. ఈ ప్రయాణంలో పిల్లవాడి ఆలోచనకు ఎక్కడా చోటు లేదు. ఎర్రసిరాతో తప్పులు దిద్దడమే బోధనగా చలామణి అవుతున్నది.

రాతను మెట్టుమెట్టుగా నేర్పే మార్గం ఉన్నది. నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లల కోసం అమెరికాలో కారెన్ హారిస్, స్టీవ్ గ్రాహం 1980ల నుండి స్వీయ నియంత్రణ వ్యూహాల పద్ధతిని అభివృద్ధి చేశారు. ‘మా వీధికి గ్రంథాలయం ఎందుకు కావాలి’ అన్నది అంశమనుకుందాం. అభిప్రాయం చెప్పాలి, కారణాలు చూపాలి, వాటిని వివరించాలి, ముగించాలి. ఈ నాలుగు మెట్లను ఉపాధ్యాయుడు పిల్లల ముందే రాసి చూపుతాడు. ‘ఇంకో కారణం ఏమున్నది? చదివేవారికి ఇది అర్థమవుతుందా?’ అంటూ తన ఆలోచనను పైకి వినిపిస్తాడు. పిల్లలు ఆ మెట్లను కంఠస్థం చేసి, మొదట అతని తోడుతో, తరువాత సొంతంగా రాస్తారు. ఎన్ని కారణాలు రాశారో తామే లెక్కపెట్టుకొని, తదుపరి రచనకు లక్ష్యం పెట్టుకుంటారు.

నాలుగు నుండి పన్నెండో తరగతి వరకు రచనా బోధనపై వచ్చిన పరిశోధనలను 2007లో అక్కడే ఒక నివేదిక సమీక్షించింది. వ్యూహాలు నేర్పడం అత్యంత ఫలప్రదమైన మార్గాల్లో ఒకటని, వ్యాకరణాన్ని విడిగా బోధించడం వల్ల రాత మెరుగుపడదని తేల్చింది. మన ఎర్రసిరా పండితులు దీనికేమంటారు?

తనలో తాను వేసుకునే ఆ ప్రశ్నలు ఉర్దూలో సాగితే తప్పేమిటి? ఆలోచన ఇంటిభాషలో పుట్టి తెలుగులో రూపుకట్టవచ్చు. ఇంటిభాషను అడ్డుగోడగా చూపేవారు దాన్ని నిచ్చెనగా వాడే ప్రయత్నమైనా చేశారా?

6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడిముఖం చూడలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. తెలంగాణలో నేడు రెండు వందలకు పైగా మైనారిటీ గురుకులాలున్నాయి. సీటు దొరకడం హక్కు అయితే, ఆ సీటులో కూర్చున్నవారికి రాయడం రావడమూ హక్కే.

కనుక మేము డిమాండ్ చేస్తున్నాము. గురుకులాల, ఉర్దూ మాధ్యమ పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ పద్ధతిలో శిక్షణ ఇవ్వాలి. బోధన సామగ్రిని ఉర్దూలోనూ అందించాలి. గైడులో లేని అంశాలపై పరీక్షల్లో రాయించాలి. తల్లిదండ్రులారా! మార్కులు అడిగే ముందు, మీ బిడ్డ సొంతంగా రాసిన ఒక్క పేజీ చూపమని బడిని అడగండి.

స్కాలర్‌షిప్ దరఖాస్తు, సమాచార హక్కు కింద ప్రశ్న, వక్ఫ్ భూమి ఆక్రమణపై ఫిర్యాదు: అన్నీ రాతలోనే ఉండాలి. అర్జీ కోసం పరాయి గడప తొక్కే సమాజం తన హక్కును తన మాటల్లో అడగలేదు. మన బిడ్డల చేతికి కలం ఇచ్చాము. దానితో తమ మాట తామే రాసుకునే విద్య కూడా ఇప్పించే వరకు మనం ఊరుకోరాదు.